ట్రంకు రోడ్డు పొడుగునా: నెల్లూరు నుంచి ఒంగోలుకు

శుక్రవారం సాయంత్రం – అయ్యప్పగుడి, దర్గామిట్ట, మద్రాసు బస్టాండు

చెన్నై వైపు నుంచి వచ్చే బస్సు హైవే వదిలి అయ్యప్పగుడి దగ్గర ఊళ్లోకి తిరిగిందంటే, అక్కణ్ణుంచి పెన్న ఒడ్డు దాకా దాదాపు ఒకటే దారి. కంపెనీ వాళ్ల హయాంలో మద్రాసు నుంచి కలకత్తాకు పోయిన ఉత్తరపు ట్రంకు రోడ్డు ఇదే. చెన్నై ఉత్తర కొసన దీన్ని ఈనాటికీ జీఎన్‌టీ (గ్రాండ్ నార్తర్న్ ట్రంకు) రోడ్డు అంటారు. నెల్లూరులో దక్షిణం వైపు, దర్గామిట్ట ప్రాంతంలో, దుకాణాల బోర్డుల మీద ఎక్కువగా ఆ పేరే కనిపిస్తుంది. నడిఊరికి వచ్చేసరికి అదే రోడ్డు ‘ట్రంకు రోడ్డు’ అయిపోతుంది. చిరునామా పట్టుకుని తిరిగేవాళ్లు ఈ రెండూ ఒకటే రోడ్డని తెలుసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

మిగతా సగం తప్పాలంటే ఇంటి నంబరు పక్కన పెట్టి సెంటర్ పేరు చెప్పాలి. మద్రాసు బస్టాండు, వీఆర్సీ, గాంధీబొమ్మ, నర్తకి, కనకమహల్, ఆత్మకూరు బస్టాండు. ఊరంతా ఈ పేర్ల మీదే నడుస్తుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది బస్టాండ్ల దగ్గర. ఉత్త ‘బస్టాండు’ అంటే ఆర్టీసీ పెద్ద బస్టాండు. ‘ఆత్మకూరు బస్టాండు’ నిజంగానే బస్టాండు, పడమటి మండలాల బస్సులకు అక్కడికే పోవాలి. ‘మద్రాసు బస్టాండు’ మాత్రం కూడలి పేరు. సంచులు మోసుకుని అక్కడ దిగి చెన్నై బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటారు. పక్కనున్న పండ్లబండి వాళ్లు వాళ్లని ఆటో ఎక్కించి పంపడం కూడా మామూలే.

షేర్ ఆటోకు పది నుంచి ఇరవై రూపాయలు. చిల్లర ముందే చేతిలో పెట్టుకోవాలి. సరిగ్గా సెంటర్‌లో దింపమంటే దింపరు. “సెంటర్ కాడ ఆపితే కేసు రాస్తారు నా, రొంత ముందర దిగండి” అంటారు. ఆ ‘రొంత’ వంద గజాలూ కావచ్చు, మూడొందల గజాలూ కావచ్చు. ‘అన్నా’లో మొదటి అక్షరం మింగేసి ‘నా’ అని పిలవడం ఈ ఊరి మర్యాద; కోపమనుకోనక్కర్లేదు. పెద్దవాళ్లు అవతలి మనిషి వయసుతో పనిలేకుండా ‘నాయనా’ అంటారు.

దర్గామిట్టకు ఆ పేరు తెచ్చింది బారాషహీద్ దర్గా. పన్నెండు మంది అమరుల సమాధులు, పక్కన స్వర్ణాల చెరువు. మొహర్రంలో ఇక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. మామూలు రోజుల్లో చెరువుగట్టు మీద సాయంత్రం నడిచేవాళ్లు, బఠాణీ బళ్లు తప్ప హడావిడి ఉండదు. పండుగ రోజుల్లో వచ్చేవాళ్లు తెలుసుకోవలసింది రొట్టె పద్ధతి. కోరిక ఉన్న మనిషి చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక అంతకుముందు తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకోవాలి. తన కోరిక తీరాక మరో ఏడు రొట్టె చేయించుకొచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. నీళ్లలో దిగి ఏ రొట్టె కావాలో పైకి కేకేసి అడగాలి. నోరు కట్టుకుని నిలబడితే ఎంతసేపైనా ఎవరూ పలకరు. హిందువులూ ముస్లిములూ కలిసి దిగే చెరువు కాబట్టి ఎవరు ఎవరికి ఇచ్చారన్న లెక్క లేదు. మొహర్రం చాంద్రమానం మీద నడుస్తుంది గనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేటి తేదీ చూసుకుని బయల్దేరితే పండుగ అయిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ఈ రోడ్డు మీద లాడ్జి గది దొరకడం కష్టం, వాహనాలనూ మళ్లిస్తారు. కావలిలోనో గూడూరులోనో దిగి రైల్లో రావడం తెలివైన పని.

రాత్రికి కారం దోశ. నెల్లూరు కారం దోశలో బంగాళాదుంప కూరకు పెద్ద స్థానం లేదు. ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కొంచెం చింతపండు కలిపి రుబ్బిన ఎర్రకారాన్ని పెనం మీద దోశ సగం కాలాక పూయాలి, ఆపైన నెయ్యి వేయాలి. దోశ వేసిన వెంటనే పూస్తే పిండి తడికి కారం కలిసిపోయి పచ్చివాసన వస్తుంది. మరీ ఆలస్యం చేస్తే కారం పైపైన ఎండి గొంతు పట్టుకుంటుంది. మంచి మాస్టరు పెనం అంచున దోశ రంగు మారడం చూసి పూస్తాడు. అరవై నుంచి ఎనభై రూపాయలు. పప్పులపొడి చల్లి ఇచ్చేచోట కారం కాస్త మెత్తబడుతుంది. కారం తట్టుకోలేనివాళ్లు “కారం తక్కువ” అంటే సరిపోదు, “సగం దోశకే పూయండి” అనాలి.

శనివారం పొద్దున – వీఆర్సీ నుంచి గాంధీబొమ్మ

ఈ రోడ్డును నడిచి చూడాలంటే ఆరున్నర నుంచి తొమ్మిది లోపు. దుకాణాల షట్టర్లు పదిన్నర దాకా లేవవు కాబట్టి పాత మేడల పైఅంతస్తులు, చెక్క కిటికీలు, గచ్చు నగిషీలు కనిపించేది అప్పుడే. పదకొండు దాటితే ఫ్లెక్సీలు, ఏసీ పెట్టెలు, బస్సులు తప్ప ఇంకేమీ కనిపించవు. రోడ్డు మధ్య డివైడరు పొడుగ్గా సాగుతుంది. అవతలి వైపు మేడ బాగుందని దాటబోతే చాలా దూరం నడిచి తిరిగి రావాలి. పోయేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఇంకో పక్క చూసుకోవడమే పద్ధతి.

వీఆర్సీ అంటే వెంకటగిరి రాజా కాలేజీ. హైస్కూలు 1875 నాటిది, కాలేజీ 1920లో వచ్చింది. వెంకటగిరి సంస్థానం ఇక్కడికి చాలా దూరమే అయినా వాళ్ల డబ్బు ఊరి నడిమధ్యన చదువు రూపంలో నిలబడింది. ఆ సంస్థానం మీద పోరాడిన రైతుల గొంతుగా 1930లో మొదలైన ‘జమీన్ రైతు’ వారపత్రిక కూడా నెల్లూరుదే. జమీందారు పేరున్న కాలేజీ, జమీందారీని ఎదిరించిన పత్రిక ఒకే ఊళ్లో పెరగడం చూస్తే, ఊరి చరిత్ర మొత్తం రాజులదో మొత్తం ఉద్యమాలదో అని చెప్పే పుస్తకాల మీద నమ్మకం తగ్గుతుంది.

దాపునే పురమందిరం. రేబాల లక్ష్మీనరసారెడ్డి పేరు మీద ఉన్న టౌన్‌హాలు. నాటకాలు, సభలు, పుస్తకావిష్కరణలు ఇక్కడే. వర్ధమాన సమాజం గ్రంథాలయానికీ ఇదే చిరునామా. లోపలికి పోవాలంటే సభ ఉన్న రోజు సాయంత్రం రావడం మేలు. ఖాళీ రోజున గేటు దగ్గర కాపలా మనిషిని మర్యాదగా అడిగితే చూడనిస్తాడు. సభ ఆరింటికి అని కార్డు మీద ఉంటే ఆరున్నరకు కుర్చీలు సర్దుతుంటారు. ముందు వరుసలు ఖాళీగా కనిపించినా కూర్చోకూడదు, అవి ఊరి పెద్దలకు అట్టే పెట్టినవి.

ఇటు పక్కనే పొగతోట. ఇప్పుడు వీధికి రెండు వైపులా ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల కొట్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు ట్రంకు రోడ్డు మీద దిగి ఇటే నడుస్తారు. అందుకే ఈ మలుపులో ఇడ్లీబళ్లు తెల్లవారకముందే తెరుస్తాయి. పథ్యం మనుషులు ఎక్కువ కాబట్టి ఎర్రకారం అడిగితే తప్ప వెయ్యరు. ఊరంతటి మీద మెత్తటి ఇడ్లీ, పలుచటి చట్నీ దొరికేది ఇక్కడే అనిపిస్తుంది.

నెల్లూరు ఆడపిల్లల చదువు గురించి చెప్పాలంటే పొణకా కనకమ్మ పేరు తియ్యక తప్పదు. 1923లో ఆమె మొదలుపెట్టిన కస్తూరిదేవి విద్యాలయం ఈ ఊళ్లో ఆడపిల్లల కోసమే నిలబడిన బడి. ట్రంకు రోడ్డు దిగి మూలాపేట వైపు మళ్లితే ఇంకో మంచి చోటు వస్తుంది. మూలస్థానేశ్వరుడి గుడి పాతది, పెద్దది, అందరూ చూసేదే. వేణుగోపాలస్వామి గుడి ముందు మాత్రం ఆగేవాళ్లు తక్కువ. 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసింది ఈ గుడిలోకి దళితులను రానివ్వాలనే. ఆయన పేరు చెప్పగానే 1952 నాటి మద్రాసు దీక్ష, ఆంధ్ర రాష్ట్రం అంటారు. జిల్లాకు 2008లో ఆయన పేరు పెట్టింది కూడా అందుకే. మద్రాసు దీక్షకు ఆరేళ్ల ముందే ఈ వీధిలో జరిగిన దీక్ష గురించి అక్కడ పూలు అమ్మేవాళ్లకు కూడా అంతగా తెలియదు.

గాంధీబొమ్మ సెంటర్ ట్రంకు రోడ్డుకు నాభి. ధర్నా, దిష్టిబొమ్మ, క్రికెట్ గెలుపు, ఎన్నికల ఊరేగింపు, ఏదైనా ఇక్కడికి రావలసిందే. జిల్లాలో గాంధీ గుర్తుగా బొమ్మకంటే గట్టిది ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డున పల్లిపాడులో ఉంది. అక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీయే ప్రారంభించారు. ట్రంకు రోడ్డు నుంచి ఆటో మాట్లాడుకుంటే రానూ పోనూ కలిపి బేరమాడాలి. అక్కడ తిరుగు ఆటో దొరకదు.

శనివారం సాయంత్రం – కనకమహల్, ఆచారి వీధి, చిన్నబజారు

నర్తకి, కనకమహల్, లీలామహల్, విజయమహల్. నెల్లూరు మనిషికి ఇవి సినిమాహాళ్ల పేర్లే కాదు, దిక్కులు. విజయమహల్ గేటు అంటే రైల్వే గేటు. హాల్లో ఏ సినిమా ఆడుతోంది, అసలు ఆడుతోందా లేదా అన్నదానితో దారి చెప్పేవాళ్లకు పనిలేదు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గాంధీబొమ్మ, కనకమహల్ మధ్య కారు నడిపేవాళ్లను చూస్తే జాలేస్తుంది. బండి ఎక్కడో పక్కవీధిలో పెట్టి నడవడమే. ఆటో కూడా వద్దు. బట్టల కొట్ల ముందు మోటారు సైకిళ్లు రెండు వరుసలు నిలబెడతారు. వెనక వరుసలో పెట్టిన వాడు ముందొస్తే ఫరవాలేదు. ముందు వరుస వాడికి తొందరైతే కాపలా కుర్రాడు బళ్లు ఒక్కొక్కటే జరపాలి. అందుకే ఇక్కడ హ్యాండిల్‌కు తాళం వెయ్యొద్దంటారు.

బంగారం పనికి ఆచారి వీధి, కాపు వీధి. ట్రంకు రోడ్డు మీద అద్దాల షోరూములు వచ్చినా, చేయించుకునేవాళ్లు ఇంకా లోపలికే పోతారు. ఇక్కడ లెక్క సవరల్లో. సవర అంటే ఎనిమిది గ్రాములు. హైదరాబాదు నుంచి వచ్చి తులాల్లో మాట్లాడితే దుకాణదారు వెంటనే గ్రాముల్లోకి మారిపోతాడు, మనకూ అదే క్షేమం. బిల్లులో చూసుకోవలసినవి మూడు: ఆరోజు ధర, తరుగు, మజూరీ. “మజూరీ లేదు” అంటే తరుగు శాతం చూడాలి, “తరుగు లేదు” అంటే మజూరీ చూడాలి. రెండూ లేవంటే రాళ్ల బరువును బంగారంలో కలిపి తూచారేమో అడగాలి. 2023 ఏప్రిల్ నుంచి నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హాల్‌మార్కు గుర్తు లేకుండా అమ్మకూడదు. భూతద్దం వాళ్ల దగ్గరే ఉంటుంది, అడిగితే ఇస్తారు. పాత నగ ఇచ్చి కొత్తది చేయించేటప్పుడు కరిగించాకే తూకం రాయించాలి. మట్టి, లక్క, టంకం పోగా బరువు తగ్గుతుంది. తగాదాలన్నీ ఆ తగ్గుదల దగ్గరే వస్తాయి. పనివాళ్లు కూర్చునే గదులు చిన్నవి. ఊదుగొట్టంతో మంట మళ్లిస్తున్న మనిషిని ఆ క్షణంలో పలకరించకూడదు. ఊపిరి తప్పితే అతుకు చెడుతుంది. ఫొటో తియ్యాలంటే ఆ పని అయ్యాక అడిగితే నవ్వుతూ ఒప్పుకుంటారు.

వెంకటగిరి చీర కొనాలంటే మడత తిప్పి వెనకవైపు చూడాలి. చేత్తో అల్లిన జాందానీ బుటా వెనక కూడా దాదాపు ముందులాగే శుభ్రంగా ఉంటుంది. యంత్రం బుటా వెనక దారాలు వేలాడుతుంటాయి, లేదా కత్తిరించిన కొసలు చేతికి గరుగ్గా తగులుతాయి. నెల్లూరు దుకాణాల్లో మామూలు నూలు చీరలకూ ‘వెంకటగిరి రకం’ అని పేరు పెడతారు. ‘రకం’ అన్న మాట వినబడితే వెనకవైపు తప్పనిసరిగా చూడాలి.

చిన్నబజారు, పెద్దబజారు టోకు మనుషులవి. స్టోన్‌హౌస్‌పేట బియ్యం, పప్పుల వ్యాపారానికి పేరు. ఆ పేరు పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ కలెక్టరుగా ఉన్న స్టోన్‌హౌస్ నుంచి వచ్చింది. నెల్లూరు అంటే మొలగొలుకులు అనే పాత రకం బియ్యమే అనుకుని వచ్చి అడిగితే వ్యాపారి ఒకసారి తలెత్తి చూస్తాడు. ఇప్పుడు పొలాల్లో ఎక్కువగా పండేవి వేరు. నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎన్ఎల్ఆర్ 34449, అంటే నెల్లూరు మసూరి, వాటిలో పేరున్నది. కొత్త బియ్యమా పాతవా అని అడగడం మరిచిపోకూడదు. కొత్తబియ్యం అన్నం ముద్దవుతుంది. చేపలపులుసులోకి అది బాగానే ఉంటుంది గానీ పెరుగన్నానికి బాగోదు.

మలై కాజా మాట చెప్పకుండా ఈ రోడ్డు దాటలేం. తాపేశ్వరం కాజాతో దీనికి పోలిక లేదు. అది మడతలు, ఇది పాలు. ఆరోజు చేసింది ఆరోజే తినాలి. మర్నాటికి పాకం గడ్డకట్టి లోపల మెత్తదనం పోతుంది. ఊరికి తీసుకుపోయేవాళ్లు బస్సు ఎక్కే గంట ముందు కట్టించుకోవాలి, మూత బిగించకుండా చల్లారనివ్వాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై పైపాకం కరుగుతుంది.

ఆదివారం – కోటమిట్ట, రంగనాయకులపేట, పెన్న

ఆదివారం ట్రంకు రోడ్డు మీద రద్దీ సగానికి సగం తగ్గుతుంది. పాత ఊరు చూడ్డానికి అదే అదను.

కోటమిట్ట పేరులోనే కోట ఉంది, చూడబోతే ఇళ్లే. ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా నెల్లూరులో ఉన్నప్పుడు, 1757లో కంపెనీ సేనాని ఫోర్డ్ ఈ కోటను పట్టబోయి వట్టి చేతులతో తిరిగిపోయాడు. 1801లో మాత్రం ఆర్కాటు నవాబుతో కుదిరిన కర్ణాటక ఒప్పందంతో యుద్ధం లేకుండానే అంతా కంపెనీ చేతికి వచ్చింది. అంతకు కొంచెం ముందు, 1786లో, నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతు నాగలికి ఒక కుండ తగిలింది. అందులో రోమన్ బంగారు నాణేలు ఉన్నాయి, ట్రాజన్, హేడ్రియన్ కాలానివి. ఈ తీరానికి సరుకు కోసం పడవలు వచ్చిన కాలం ఈ రోడ్డుకంటే చాలా పాతదన్నమాట. మున్సిపాలిటీ 1866లో వచ్చింది.

తిప్పరాజువారి వీధిలో గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కుటుంబపు ఇల్లు ఉంది. ఆయన 2020లో దాన్ని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. చూడ్డానికి వచ్చేవాళ్లు బయటినుంచి చూసి పోవడమే మర్యాద. లోపల పిల్లలు చదువుకుంటుంటారు.

రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే. గాలిగోపురం ఎత్తుకు మెడ నొప్పెట్టేదాకా చూస్తారు గానీ, అద్దాల మండపాన్ని చాలామంది వదిలేస్తారు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పదకొండున్నర లోపు వెళ్లాలి. ఎండాకాలంలో రాతిపలకలు కాలతాయి. చెప్పులు బయటే వదలాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది లోపే చూసుకోవాలి. మనుమసిద్ధి మంత్రిగా ఉండి మహాభారతంలో విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన అప్పట్లో విక్రమసింహపురి అన్న ఈ ఊరివాడే. గుడి వెనక రేవు మెట్ల మీద కూర్చుంటే ఊళ్లోవాళ్లు ఎవరైనా ఆ మాట ఎత్తుతారు. “తిక్కన ఈడనే కూర్చుని రాసినాడంట నాయనా” అని చెబుతూ ఒక మెట్టు కూడా చూపిస్తారు. ఆ మెట్టు సిమెంటుది. అయినా సరే.

పెన్న మీద మొదటి ఆనకట్ట 1855లో కట్టారు. వరదకు దెబ్బతిన్నాక మళ్లీ బాగుచేశారు. కొత్త నెల్లూరు బ్యారేజి 2022 సెప్టెంబరు 6న సంగం బ్యారేజితో పాటు ప్రారంభమైంది. బ్యారేజి మీదనే రోడ్డు ఉండటంతో కోవూరు వైపు పోయే చిన్న బళ్లకు పాత వంతెన ఒక్కటే దిక్కు కాకుండా పోయింది. సాయంత్రం జనం బ్యారేజి మీదికి గాలి కోసం వస్తారు. మొక్కజొన్న కండె ఇరవై, మసాలా మరమరాలు ముప్పై.

ఈ ఊరికి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, తక్కిన రాష్ట్రం వానలు అయిపోయాయనుకునే వేళ. ట్రంకు రోడ్డుకు పడమటగా రైలుకట్ట పోతుంది. నేల సముద్రం వైపు తూర్పుకు వాలి ఉంటుంది. పడమటి వాననీటిని కట్ట ఆపేస్తుంది, దాటడానికి ఉన్నవి అండర్‌బ్రిడ్జిలే. ఆత్మకూరు బస్టాండు, రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలు ఒక గట్టి వానకే నిండేది ఇందుకే. అవతలి వైపు లాడ్జి తీసుకున్నవాళ్లు వాన రోజున రైలు పట్టుకోవాలంటే గంట ముందు బయల్దేరాలి. నీళ్లలో ముందుపోయే బస్సును చూసి ఆటో దింపవద్దు. బస్సు ఇంజను ఎత్తులో ఉంటుంది, ఆటోది వెనక కిందనే ఉంటుంది.

మధ్యాహ్నం చేపలపులుసు. అడగవలసిన మొదటి మాట ‘ఏ చేప?’ చెరువు చేపైతే బొచ్చె, శీలావతి; కండ ఎక్కువ, రుచి పులుసుదే. కొరమీనుకు ధర ఎక్కువ, ప్లేటు మూడొందల దాకా. బొమ్మిడాయిలు దొరికితే మారుమాట లేకుండా అవే. పులుసులో చింతపండుతో పాటు పచ్చిమామిడి ముక్క వెయ్యడం నెల్లూరు పద్ధతి. మామిడి దొరకని కాలంలో చింతపండుతోనే సరిపెడతారు, తేడా నాలుకకు తెలుస్తుంది. చేపముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు. గిన్నెను రెండు చేతులా పట్టుకుని తిప్పాలి, లేకపోతే ముక్క విరిగి ముళ్లు పులుసులో కలుస్తాయి. పొద్దున కాచింది రాత్రికి, రాత్రి కాచింది పొద్దుటికి బాగుంటుంది, ఈలోగా ముక్కకు ఉప్పూ పులుపూ పడతాయి. కాబట్టి హోటల్లో “ఇప్పుడే దింపినాం, వేడివేడిగా” అంటే సంబరపడనక్కర్లేదు.

సోమవారం – కోవూరు, కావలి మీదుగా ఒంగోలు

పెన్న దాటగానే వెంకటేశ్వరపురం, ఆపైన కోవూరు వరిపొలాలు. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలుకట్ట తెగింది, హైవే మీదా రాకపోకలు ఆగిపోయాయి. మద్రాసు, కలకత్తాల మధ్య దారి పెన్న దగ్గర ఎంత సన్నదో అప్పుడు తెలిసింది.

కావలిలోనూ ఊరి ప్రధాన వీధి పేరు ట్రంకు రోడ్డే. టీ తాగి కదలొచ్చు.

ఒంగోలులో కూడా అంతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో తాలూకా, కాబట్టి రెండు ఊళ్ల ట్రంకు రోడ్లూ ఒకే కలెక్టరు కింద ఉండేవి. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970 ఫిబ్రవరి 2న వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ ఈ ఊళ్లోనే పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను చదివించింది. హోటల్ బోర్డులు లెక్కలేనన్ని ఉన్న ఈ వీధిలో ఆమె పేరున ఒక్కటీ కంటబడలేదు.

దారి చెప్పడం ఇక్కడా సెంటర్లతోనే: అద్దంకి బస్టాండు, చర్చి సెంటర్, కొత్తపట్నం బస్టాండు. నెల్లూరు మద్రాసు బస్టాండుకు పట్టిన గతే అద్దంకి బస్టాండుకూ పట్టింది. చర్చి సెంటర్ వెనక ఉన్న కథ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ది. జువెట్ దొర 1854 జనవరి 1 పొద్దున కొద్దిమందితో ఊరి పక్క కొండెక్కి ప్రార్థన చేశాడు. 1866లో అదే మిషన్ దొర క్లౌ వచ్చాడు. 1876–78 ధాతు కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని క్లౌ గుత్తకు తీసుకుని ఆకలి జనానికి కూలి ఇప్పించాడు. ఆ తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. క్రైస్తవ చరిత్ర రాసేవాళ్లు ఆ అంకె దగ్గర ఆగుతారు. ట్రంకు రోడ్డు చరిత్ర చూసేవాళ్లకు కాలువ ముఖ్యం.

ఎందుకంటే ఈ రోడ్డు మీది దూరప్రయాణాలను మొదట ఎత్తుకుపోయింది ఆ కాలువే. ఉప్పు, ధాన్యం, కట్టెలు పడవల్లో మద్రాసుకు పోవడం మొదలైంది. 1899లో విజయవాడ, గూడూరు మధ్య రైలు పూర్తయ్యాక మనుషులూ పోయారు. లారీలు రోడ్డును మళ్లీ నింపాయి, చివరికి బైపాసులు లారీలనూ పట్టుకుపోయాయి. పాత జాతీయ రహదారి 5, ఇప్పటి 16, నెల్లూరునీ ఒంగోలునీ పక్కనుంచి చూసి పోతుంది. ప్రయాణికులు పోయిన ప్రతిసారీ ఊరివాళ్లు ఖాళీ అయిన చోటును దుకాణాలతో నింపుకున్నారు. రోడ్డు ఇరుకైందని అందరూ విసుక్కుంటారు గానీ, వెడల్పుగా ఉన్నప్పుడు అది ఊరివాళ్లది కాదు.

ఒంగోలు ట్రంకు రోడ్డు నెల్లూరుదాని కంటే పొట్టిది, ఎండకు నీడ తక్కువ. పొద్దున టిఫిన్‌లో తేడా వెంటనే తెలుస్తుంది. ఎర్రకారం వెనక్కిపోయి అల్లప్పచ్చడి, కారప్పొడి ముందుకొస్తాయి. నేతి మైసూర్‌పాక్‌కు అల్లూరయ్య పేరు రాష్ట్రమంతా తెలుసు. మంచి మైసూర్‌పాక్‌కు గుర్తు, తుంచితే లోపల గుల్లగా ఉండాలి, వేలికి నెయ్యి అంటాలి గానీ కారకూడదు. శనగపిండి తీగపాకంలో ఉడుకుతుండగా మరిగే నెయ్యి కొద్దికొద్దిగా పోస్తే పొంగి గుల్లలు పడతాయి. నెయ్యి చల్లారితే గుల్లలు రావు, పాకం ముదిరితే రాయవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి పేరుకుని సబ్బులా తయారవుతుంది, బయట డబ్బాలోనే ఉంచాలి.

కొండమీది ప్రసన్న చెన్నకేశవస్వామి గుడికి సాయంత్రం ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. ఇంకా పొద్దుంటే కొత్తపట్నం బస్టాండు నుంచి సముద్రానికి పోవచ్చు. 1937లో సోషలిస్టులు కొత్తపట్నంలో వేసవి రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడక్కడ ఆదివారాలు తప్ప జనం పలచనే. చీకటి పడ్డాక తిరుగు ఆటోలు తగ్గిపోతాయి, మిగిలినవాళ్లు రెట్టింపు అడుగుతారు. ఆరింటికల్లా వెనక్కి బయల్దేరితే ఒంగోలులో రాత్రి రైలుకు ముందు భోజనానికీ, మైసూర్‌పాక్ కట్టించుకోవడానికీ వేళ ఉంటుంది.